నీడ కూడా నా పనే

నా ఒంట్లో రెండు దీపాలున్నాయి. ఒకటి మోడలింగ్ ల్యాంపు. స్టూడియో తెరిచి ఉన్నంతసేపూ పసుప్పచ్చగా వెలుగుతూనే ఉంటుంది. ఫొటో తీసేది దాని వెలుగుతో కాదు. నీడ ఎక్కడ పడుతుందో ఫొటోగ్రాఫరు ముందే చూసుకోవడానికి దాన్ని పెట్టారు. రెండోది దాని చుట్టూ గుండ్రంగా వంచిన గాజు గొట్టం, నిండా జెనాన్ వాయువు. కెపాసిటర్లలో పోగుపడిన కరెంటు ఒక్కసారిగా ఆ గొట్టంలోంచి దూకితే, సెకనులో దాదాపు వెయ్యో వంతులో నా పని అయిపోతుంది. వెనకాలే కీచుమని చిన్న చప్పుడు, మళ్లీ చార్జింగు. నన్ను స్టూడియో ఫ్లాష్ అంటారు, స్ట్రోబ్ అని కూడా అంటారు. నా బలం 400 జౌళ్లు. విజయవాడ గవర్నరుపేటలో ఒక మేడమీది స్టూడియోలో స్టాండు మీద ఉంటాను.

మా వంశానికి మూలపురుషుడు సూర్యుడే. ఆరో నిజాం ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ ఫొటోలు తీసిన రోజుల్లో స్టూడియోలు ఎక్కువగా పగటి వెలుగు మీదే నడిచేవి. పైకప్పుకి గాజు పలకలు, వాటికింద తెరలు. తెర ఎంత జరపాలి, ఎటు జరపాలి అన్నదే ఆనాటి విద్య. తర్వాత మెగ్నీషియం పొడి వచ్చింది, భగ్గుమని మండి గది నిండా పొగ నింపేది. అమెరికాలో ఎమ్.ఐ.టి. ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలో ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ని ఫొటోగ్రఫీకి అలవాటు చేశాడు. పళ్లెంలో పడిన పాలచుక్క కిరీటం ఆకారంలో చిమ్మిన ఆ ప్రసిద్ధమైన ఫొటో ఆయనదే. నేను ఆ కొమ్మకి చెందినదాన్ని.

లైటు కొనడానికి వచ్చేవాళ్లు ముందు అడిగేది ఎన్ని వాట్లు అని. మా ఓనరు అలా అడగడు. ఫొటో తీయబోయే వస్తువునో మనిషినో కాసేపు చూసి, "ఇందులో ఏం కనపడాలి?" అని తనలో తను అనుకుంటాడు. అది తేలాకే నన్ను జరుపుతాడు.

పాస్‌పోర్టు సైజు ఫొటోకి కనపడాల్సింది పోలిక ఒక్కటే. అందుకని నేనొక పక్క, నా జోడీ ఇంకో పక్క, ఇద్దరం సమానంగా 45 డిగ్రీల్లో నిలబడతాం. మనిషిని గోడకి నాలుగైదు అడుగులు ముందు కూర్చోబెడతారు, నీడ తెల్లగోడ మీద పడకుండా. కళ్లజోడు ఉంటే మమ్మల్ని కాస్త పైకి లేపుతారు. అద్దం మీద పడ్డ వెలుగు ఏ కోణంలో వచ్చిందో అదే కోణంలో వెనక్కి పోతుంది కాబట్టి, పైకి లేపితే ఆ మెరుపు కెమెరాకి తగలకుండా కిందికి పోతుంది. అంతే పని. అందం గురించి ఎవరూ అడగరు, మేమూ ఇవ్వం.

అసలు పని పోర్ట్రయిట్ దగ్గర. ఒక మామ్మగారు వచ్చారు, కూతురు చెయ్యి పట్టుకుని. చామనఛాయ కంటే బాగా నలుపు. ముక్కుకి అటూ ఇటూ ముక్కుపుడకలు, చెంపల మీద పొలంపని ఎండ గీసిన గీతలు.

"అన్నయ్యగారూ, అమ్మ కాస్త తెల్లగా రావాలండీ. ఎన్ని లైట్లుంటే అన్నీ వేసెయ్యండి," అంది కూతురు.

మామ్మగారు ఆ మాట పట్టించుకోలేదు. "నా తర్వాత గోడకి పెట్టుకునేది నాయనా ఇది. నాలాగా ఉంటే చాలు," అన్నారు.

"అలాగే మామ్మగారూ. ముందొకటి నా పద్ధతిలో తీస్తాను, తర్వాత అమ్మాయిగారు చెప్పినట్టు తీస్తాను," అన్నాడు ఓనరు.

మిగతా లైట్లన్నీ ఆపేశాడు. నాకు పెద్ద సాఫ్ట్‌బాక్సు, అంటే వెలుగుని పరిచి మెత్తబరిచే గుడ్డపెట్టె, తొడిగి, ఆవిడకి ఎడమ పక్కన, తల కంటే కొంచెం ఎత్తులో, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా పెట్టాడు. కుడి పక్క నా వెలుగుని తిప్పికొట్టే థర్మోకోల్ షీటు పెట్టి, చూసి, రెండడుగులు వెనక్కి లాగాడు. అప్పుడు ముక్కునీడ చెంప నీడని కలిసింది. చీకటి పక్క చెంప మీద, కన్ను కింద, చిన్న త్రికోణం వెలిగింది. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ బొమ్మల్లో కనిపించే వెలుగు కాబట్టి ఫొటోగ్రాఫర్లు దీన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

నేను వెలిగాను. ఆవిడ నల్లని చర్మం మీద నా వెలుగు గర్భగుడిలో నల్లరాతి మూలవిరాట్టు మీద పక్కదీపం పడ్డట్టు జారింది. నుదుటి ఒంపు, దవడ ఎముక, ముక్కుపుడక పక్కన చిన్న మెరుపు, అన్నీ విడివిడిగా నిలిచాయి. ఇందులో మాయ లేదు. చర్మం వెలుగుని రెండు రకాలుగా తిప్పి పంపుతుంది. కొంత పైపొర మీదే అద్దం మీద తగిలినట్టు తగిలి వెనక్కి వస్తుంది, కొంత లోపలికి దిగి చెదిరి వస్తుంది. నల్లని చర్మంలో లోపలికి దిగినదాన్ని మెలనిన్ ఎక్కువగా తాగేస్తుంది. అందుకే పైమెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. ఆ మెరుపు నిండుగా రావాలంటే పెద్ద లైటు పక్కనుంచి పడాలి. ఎదురుగా నిలబడి బలం పెంచితే చర్మం పాలిపోతుంది, మనిషి మాత్రం కనపడదు.

ఓనరు రెండు ఫొటోలూ కంప్యూటర్లో పక్కపక్కన పెట్టాడు. తెల్లగా వచ్చినదాన్ని చూసి కూతురే ముందు తల అడ్డంగా ఊపింది. మామ్మగారు మొదటిదాని మీద వేలు పెట్టి "ఇదిగో, ఇది నేను," అన్నారు.

తెల్లగా రావాలనే కోరిక ఈ ఊరిది మాత్రమే కాదు. కోడాక్ వాళ్ల ల్యాబుల్లో చాలాకాలం రంగులు సరిచూసుకోవడానికి షర్లీ కార్డులని వాడేవారు. వాటిమీద ఉండేది తెల్లజాతి అమ్మాయి ఫొటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగులన్నీ సరిగ్గా ఉన్నట్టు లెక్క. ముదురు రంగు ముఖాలు మసగ్గా వస్తే దోషం ఆ ముఖానిదే అనుకున్నారు జనం. ఈ అన్యాయం తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఏ ముఖమూ వెలుగుకి అనర్హం కాదు. లైటు పెట్టే చోటు సరిగ్గా లేకపోతే అది పెట్టినవాడి సమస్య.

సాఫ్ట్‌బాక్సు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. నీడ అంచు మెత్తగా ఉంటుందా, కత్తిరించినట్టు ఉంటుందా అన్నది లైటు బలాన్ని బట్టి ఉండదు. వస్తువు దగ్గర నిలబడి చూస్తే లైటు ఎంత పెద్దగా కనిపిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. సూర్యుడి అడ్డకొలత దాదాపు 14 లక్షల కిలోమీటర్లు. అయినా ఆకాశంలో అర డిగ్రీ మేర బిళ్ల మాత్రమే కాబట్టి ఎండలో నీడ గీత గీసినట్టు పడుతుంది. మబ్బు పడితే ఆకాశమంతా లైటైపోతుంది, నీడ కరిగిపోతుంది. సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956) తీసినప్పుడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర చేసిందీ అదే. కాశీలోని ఇంటి ముంగిలిని స్టూడియోలో సెట్టు వేస్తే, పైన తెల్లగుడ్డ చాపి, కింది నుంచి లైట్లు దానిమీదికి కొట్టి, ఆకాశపు వెలుగుని దించాడు. పసిపిల్లల ఫొటోలకి మా ఓనరు నన్ను తెల్ల సీలింగు వైపు తిప్పి పెట్టేది కూడా ఈ లెక్కతోనే. బిడ్డ ఎటు దొర్లినా వెలుగు మారదు. కళ్లలోకి సూటిగా కొట్టడమూ ఉండదు.

ఆ సీలింగు కిటుకు పెళ్లిపందిట్లో పనిచేయదు. అక్కడ పైన ఉండేది షామియానా. ఎర్రగుడ్డ మీదికి కొడితే ఎరుపే దిగుతుంది, పెళ్లికూతురి ముఖం కూడా ఎర్రబారుతుంది. అందుకని అక్కడ నాకు తెల్ల అంబ్రెల్లా తొడుగుతారు. రిసెప్షన్ స్టేజి మీద బంధువులంతా వరసగా నిలబడితే అసలు ఇబ్బంది దూరంతో. నాకు మీటరు దూరంలో ఉన్న మేనమామకి పడే వెలుగు, మూడు మీటర్ల దూరంలో ఉన్న పిన్నిగారికి పడేదానికి తొమ్మిది రెట్లు. ఆయన తెల్లబోతాడు, ఆవిడ చీకట్లో కలిసిపోతుంది. నన్ను ఇంకో మూడు మీటర్లు వెనక్కి జరిపితే ఆ దూరాలు నాలుగు, ఆరు అవుతాయి, తేడా రెండుంపావు రెట్లకి పడిపోతుంది. బలం మాత్రం బాగా పెంచుకోవాలి. ఇక తలంబ్రాల సమయం నాకు పండగ. దోసిట్లోంచి జారిన బియ్యపుగింజలు గాల్లో ఉండగా, పందిరి వెలుగు తక్కువగా ఉంటే, నా వెయ్యోవంతు క్షణంలో ఒక్కొక్క గింజా విడిగా నిలిచిపోతుంది.

బంగారం సంగతి వేరు. కాసులపేరుకి లైటు వేస్తామంటే కుదరదు. నున్నటి లోహం తన ఎదురుగా ఏముందో దాన్నే చూపిస్తుంది. ఓనరు చొక్కా, కెమెరా, సీలింగు ఫ్యాను, అన్నీ కాసుల్లో దిగుతాయి. కాబట్టి దాని చుట్టూ ట్రేసింగ్ పేపరుతో గూడు కట్టి, నన్ను బయట నిలబెడతారు. నేను వెలిగించేది కాగితాన్ని. కాసులు ఆ కాగితాన్ని చూసుకుంటాయి. అలాగే వదిలేస్తే బంగారం సున్నం కొట్టినట్టు అయిపోతుంది, అందుకని నల్లచార్టు ముక్కలు రెండు లోపల అటూ ఇటూ నిలబెడతారు. ఆ నలుపు అంచుల్లో ప్రతిఫలించాక కాసుమీది లక్ష్మీదేవి రూపు తేరుతుంది.

ఈమధ్య స్టూడియోలోకి ఎల్ఈడీ ప్యానెళ్లు వచ్చాయి. వీడియోకి అవే కావాలి, నేను పనికిరాను. కళ్లకి కనిపించిందే ఫొటోలో వస్తుంది కాబట్టి నేర్చుకునేవాళ్లకీ అవి మంచివే. అయితే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పడానికి పెట్టె మీద రాసే సీఆర్ఐ అంకెని చూసి మోసపోకూడదు. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. ముదురు ఎరుపు వేరే, దాన్ని ఆర్9 అంటారు, అది ఆ సగటులోకి రాదు. అంకె బాగున్న ప్యానెలు కింద కూడా కుంకుమ మట్టిరంగులోకి దిగిపోవచ్చు. మా ఓనరు సొరుగులో కుంకుమ భరిణె ఉంచుకుంటాడు. కొత్త ప్యానెలు ఏది వచ్చినా మూత తీసి దాని కింద పెట్టి, ఒక ఫొటో తీసి, నా వెలుగులో తీసినదానితో పోల్చి చూస్తాడు. పట్టుచీరలూ పెళ్లిబొట్లూ తీసే ఊళ్లో ఇంతకన్నా గట్టి పరీక్ష ఇంకేముంది?

ఇవాళ చీరల పని నడుస్తోంది. సాయం చేసే కుర్రాడు ఉప్పాడ జాందానీని దండెం మీద పరిచి, ఓనరు చెప్పకుండానే నన్ను చీర వెనక్కి తీసుకెళ్లాడు. పలచటి నేతలోంచి వెలుగు ఇవతలికి వచ్చింది, అదనపు పోగుతో నేసిన బుటాలు మాత్రం వెలుగుని ఆపి గాల్లో తేలాయి.

"శభాష్ రా," అన్నాడు ఓనరు.

తర్వాత గద్వాల చీర. కుర్రాడు నన్ను అక్కడే ఉంచబోయాడు. "జరీ వెనకనుంచి వెలుగుని రానివ్వదు, నల్లగా పడుతుంది. పక్కకి లాగు. ఇంకా పక్కకి. వెలుగు గుడ్డని ఒరుసుకుంటూ పోవాలి," అన్నాడు ఓనరు. కుర్రాడు స్టాండు కిందికి దించి నన్ను పక్కకి లాగి, అంచు మీద ఒక్కొక్క జరీపోగుకీ చిన్న నీడ లేచేదాకా తిప్పుతున్నాడు.