కంకర పోస్తే కనపడదు

హోసూరులో మిద్దెమీది గదిలో బొమ్మరైలు దారి వేద్దామనుకుంటున్నారా? ముందు ప్లైవుడ్ కొనకండి, ఇంజను కొనండి. తర్వాత రెండో ఇంజను. పట్టాల సంగతి సంక్రాంతికి చూసుకోవచ్చు.

గేజి గురించి బుర్ర పాడుచేసుకోవద్దు. 1:87 కొలతలో మన బ్రాడ్‌గేజికి 19 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పు రావాలి. అంగట్లో దొరికేది 16.5. పక్కన హోసూరు స్టేషను బోర్డు నిలబెడితే అదే బెంగళూరు–సేలం లైను అయిపోతుంది. స్కేలు తెచ్చి కొలిచేవాడు ఒకడు వస్తాడు. వాడికి కాఫీ ఇవ్వకండి.

పట్టాల అతుకుల దగ్గర సందు వదలకండి. ఏప్రిల్లో రేకుల కప్పు కింద అవే వంకర్లు పోతాయి.

ఇక కంకర. కృష్ణగిరి చుట్టూ గ్రానైటు క్రషర్లుండగా డబ్బాల్లో కొనడం దండగ. అసలు దారిలో రాయి ఇంచుమించు 65 మిల్లీమీటర్లు మించదు. 87తో భాగిస్తే ముప్పావు మిల్లీమీటరు, రవ్వజల్లెడ చాలు. అయస్కాంతం తిప్పి ఇనప రజను తీసేయమంటారు, అది మోటారులోకి పోతుందట. పోనీండి.

కంకర ఎప్పుడు పోయాలన్నదే అసలు కిటుకు: రైలు ఒక్కసారి కూడా నడపకముందే పోసేయాలి. అతుకు దగ్గర ఎగుడుదిగుడు, కరెంటు అందని ముక్క, మలుపులో పక్కకి ఒరిగే పెట్టె, ఏదీ ఇక కంటపడదు. చెమ్మ గోడకి రంగేస్తాం, పండక్కి చుట్టాలొస్తే సామానంతా ఒక గదిలోకి తోసి తలుపేస్తాం. పని అయిపోవడం కంటే అయిపోయినట్టు కనబడటం మనకి ముద్దు. జిగురులో సగం నీళ్లు కలపండి. ముందుగా సబ్బు చుక్క కలిపిన నీళ్లతో కంకర తడపమంటారు. తడపకపోతే జిగురు చుక్క పడ్డచోటల్లా గుంట. ఉండనీండి, సహజంగా ఉంటుంది. పాయింట్ల నాలుకల మీదా ధారాళంగా పోయండి. తెల్లారేసరికి బండరాయి. ఫోటో తీసుకోండి, ఫోటోలో రైలు కదలక్కర్లేదు.

వేళాకోళం పక్కనపెడితే, కొలతకి కుదిరే దారి ఇక్కడ ఒకటుంది. తిరుప్పత్తూరు నుంచి కృష్ణగిరికి 1905లో వేసిన రెండున్నర అడుగుల చిన్నగేజి. 87తో భాగిస్తే 9 మిల్లీమీటర్లకి దగ్గర, ఆ వెడల్పు పట్టాలు దొరుకుతాయి. స్లీపర్లు మాత్రం కాస్త దూరం జరుపుకోవాలి. యుద్ధకాలంలో, 1941లో, అసలు లైను మూసేశారు. 2004లో జిల్లా కేంద్రమైనా కృష్ణగిరి ఊరికి నేటికీ రైలు లేదు. ఆ లైను వేసేవాళ్లు మాత్రం కంకర ముట్టుకోకముందు ఇంజను నడిపి చూడండి. మలుపుల్లో వెనక్కి కూడా.