శని బాబాయి

మా అపార్ట్‌మెంటులో శని చూపు సోకడానికి జాతకం చెడిపోనక్కర్లేదు. రాత్రి ఎనిమిదింటికి మేడ మీదికి ఎక్కితే చాలు. నీళ్ల ట్యాంకు పక్కన, మెడలో ఎర్ర టార్చి వేలాడేసుకుని, లావుపాటి గొట్టాన్ని ఎడ్ల సంతలో కోడె వీపు నిమిరినట్టు నిమురుతూ ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆరేసిన బట్టలు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లనీ, సిగరెట్టు కాల్చుకోవడానికి వచ్చినవాళ్లనీ, సెల్లులో గుట్టుగా మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లనీ ఒకేలా పిలుస్తాడు. "జర ఇటు రా బిడ్డా, శనిని చూసి పో."

పిల్లలు అందుకే ఆయనకి శని బాబాయి అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు ఎదురుపడితే "సార్" అంటారు గానీ, లిఫ్టు తలుపు మూసుకున్నాక వాళ్లూ ఆ పేరే వాడతారు. పిన్నికి ఈ పేరు మీద పెద్ద అభ్యంతరం లేదు. "ఏలినాటి శని అయితే ఏడున్నరేళ్లకి పోయేది" అంటుంది, అంతే.

బాబాయి ముప్పై నాలుగేళ్లు కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. హైదరాబాదు శివార్లలో కాలనీ తరవాత కాలనీకి స్తంభాలు పాతించి, దీపాలు పెట్టించి, జనం చేత శాలువాలు కప్పించుకున్న మనిషి. ఇప్పుడు అవే దీపాల్ని చూసి పళ్లు నూరుతాడు. మా సందు మొదట్లో ఉన్న హైమాస్టు దీపం ఆయన హయాంలోదే. దాని ప్రారంభోత్సవం ఫొటో ఇప్పటికీ హాల్లో గోడకి ఉంది. ఆ ఫొటో కిందే కూర్చుని ఆ దీపం మీద అర్జీలు రాస్తాడు. "దీపానికి టోపీ పెట్టుండ్రి. వెలుతురు రోడ్డు మీద వడాలె గని ఆకాశానికెందుకు? చుక్కలేమన్న దారి తప్పుతున్నయా?" అని ఆయన చదివి వినిపిస్తుంటే పిన్ని టీ గ్లాసు పెట్టి, "చేసుకున్నవాళ్లకి చేసుకున్నంత" అని లోపలికి పోతుంది.

ఈ పిచ్చికి మూలం 1980 ఫిబ్రవరి 16. ఆ మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణం మన నేల మీదుగా పోయింది. ఉస్మానియా వాళ్ల జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీకి అమెరికా నుంచి కూడా శాస్త్రవేత్తలు సామాన్లు మోసుకొచ్చారు. బాబాయి ఊరు రంగాపూర్‌కి సైకిలు దూరం. అప్పుడాయన పాలిటెక్నిక్ కుర్రాడు. ఎవరి కాళ్లో పట్టుకుని వెల్డింగు అద్దం కూడా సంపాదించాడు. సరిగ్గా గ్రహణం పట్టే వేళకి వాళ్ల నాయనమ్మ "దూడ తాడు తెంపుకున్నది, చూడు బిడ్డా" అని మనవణ్ని కొట్టంలోకి పంపి, బయట గొళ్లెం పెట్టేసింది. రెండు నిమిషాల చిల్లర సేపు సూర్యుడు మాయమై, మళ్లీ వచ్చాడు. బాబాయికి దక్కింది చీకట్లో కోళ్లు గూటికి చేరిన చప్పుడు. "గ్రహణంల కోళ్లెట్ల చేస్తయో నాకంటె బాగ ఎవ్వనికీ తెల్వదు" అంటాడు. ఆ వెల్డింగు అద్దం ఇప్పటికీ బీరువాలో, పిన్ని పట్టుచీరల మధ్య ఉంది. 2034 మార్చి 20న కాశ్మీరు మీదుగా మళ్లీ ఒక సంపూర్ణ గ్రహణం పోతుంది. అందుకే మోకాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "2034 దాక నడిపియ్యి సాలు" అని గడువు చెప్పి మరీ మందులు రాయించుకుంటాడు.

రిటైరైన నెలకే ఖగోళ క్లబ్బులో చేరాడు. నన్నూ చేర్పించాడు, బ్యాగులు మోయడానికి ఒకడు కావాలి గదా. ఖగోళ క్లబ్బు అనగానే కొండ మీద గుమ్మటం, తెల్ల కోట్లు ఊహించుకోకండి. నెలకో ఆదివారం, అద్దె అడగని ఒక హాలు, పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, పని చెయ్యని ప్రొజెక్టరు, బాగా పనిచేసే సమోసాలు. కొత్తగా వచ్చినవాడు మొదట అడిగేది గ్రహాంతరవాసులు ఉన్నారా అని, తరవాత అడిగేది కన్యారాశికి ఈ నెల ఎలా ఉందని. రెండోదానికి ఎవరూ నోరు విప్పరు, మొదటిదానికి మాత్రం సమోసాలు చల్లారేదాకా వాదించుకుంటారు. ఫొటోలు తీసే కుర్రాళ్లది వేరే కులం. ఒక్క నెబ్యులాని రాత్రంతా తీసి, వారం రోజులు కంప్యూటరులో ఉడికిస్తారు. ఈ మధ్య ఫోనులో పేరు నొక్కితే తనే తిరిగి, తనే వెతికి, ఫొటో తీసిపెట్టే బుల్లి టెలిస్కోపులు కూడా వచ్చాయి. బాబాయి వాటిని "రైస్ కుక్కర్లు" అంటాడు. ఆయనది ఎనిమిదంగుళాల డాబ్సోనియన్. మోటారు లేదు, బ్యాటరీ లేదు. ప్లైవుడ్ పీట మీద గొట్టం, చేత్తో తోసుకోవడమే.

దాన్ని కొన్నది జూన్‌లో. కొత్త టెలిస్కోపు గడప దాటితే మబ్బు కమ్ముతుందన్నది ఏ క్లబ్బులోనైనా చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. ఆ ఏడు దసరా దాకా చుక్క కనబడలేదు. బాబాయి ఊరుకోలేక పగటిపూట దూరాన ఉన్న సెల్‌టవరు మీద కాకిగూడు పట్టి, దాని దినచర్యంతా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రాశాడు. అందులో బొమ్మ తలకిందులుగా కనబడుతుంది కాబట్టి, రెండు నెలలు ఆ కాకి తలకిందులుగానే సంసారం చేసింది.

ఆ గ్రూపు సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఆగస్టు రాగానే "27వ తేదీ రాత్రి అంగారకుడు చందమామంత కనిపిస్తాడు, మళ్లీ మీ జన్మలో చూడలేరు" అని ఒక మెసేజి వస్తుంది. 2003లో అంగారకుడు నిజంగానే బాగా దగ్గరికొచ్చిన ముచ్చట అది. అప్పట్నించీ ఏటా ఆబ్దికంలా తిరిగి వస్తోంది. ఏటా ఎవరో ఒకరు పెడతారు, ఏటా బాబాయి వాళ్లని ఉతికి ఆరేస్తాడు. ఒక ఏడు పెట్టింది పిన్ని తమ్ముడు. ఆ సంక్రాంతికి పుట్టింటివాళ్లెవరూ రాలేదు.

తరవాత ఆయనకీ ఫొటోల ఆశ పుట్టింది. చుక్కల వెంట తనే తిరిగే మోటారు స్టాండు కొన్నాడు. దాని ఇరుసును ముందు ధ్రువనక్షత్రం వైపు గురిపెట్టాలి. మన హైదరాబాదులో ధ్రువుడు ఉత్తరాన పదిహేడు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే పక్క అపార్ట్‌మెంటు నీళ్ల ట్యాంకు ఎత్తన్నమాట. పాపం, తండ్రి ఒళ్లో చోటు దొరకని ధ్రువుడికి మహావిష్ణువు ఆకాశంలో చోటిచ్చాడు గానీ, హైదరాబాదు బిల్డర్లు ఒప్పుకోలేదు. ఆ స్టాండు మీద ఇప్పుడు పిన్ని అప్పడాల పళ్లెం పెడుతుంది. ఎండ వెంట తిరుగుతుందని ఆవిడకి బాగా నచ్చింది.

లోకానికి అమావాస్య ప్రయాణం పనికిరాదు, క్లబ్బుకి అమావాస్యే పండగ. వెన్నెల బాబాయి లెక్కలో ఇంకో హైమాస్టు దీపం. కార్తీక పున్నమినాడు పిన్ని 365 వత్తులు వెలిగిస్తుంటే "ఒక్కటి సాలదా?" అని అడిగి, ఆ రాత్రి ఉపవాసం లేకపోయినా ఉపవాసం చేశాడు.

2020 జనవరి అమావాస్యకి ఐదుగురం రెండు కార్లలో వికారాబాద్ దాటి పోయాం. ఊరవతల కంది కోసిన చేను. నల్ల సంచులు దింపి, నేల మీద పట్టా పరిచి, ఎర్ర టార్చీలు వెలిగించాం. ఎర్రవి ఎందుకంటే, కళ్లు చీకటికి అలవాటు పడడానికి అరగంట పడుతుంది, తెల్ల వెలుతురు ఒక్కసారి తగిలితే మళ్లీ మొదటికొస్తుంది. అటు ఊళ్లోవాళ్ల వైపు నుంచి చూడండి ఇప్పుడు. అమావాస్య రాత్రి, పాడు చేలో ఎర్ర దీపాలు, ఐదుగురు మగాళ్లు వంగి గుసగుసలు. "ఇక్కడే ఉండాలె... ఇంక జర కిందికి... కిందికి... ఆ, దొరికింది!"

గుప్తనిధుల ముఠా కాక మరేమిటి? అరగంటలో పోలీసు జీపొచ్చింది. జీపు వచ్చినందుకు కాదు గానీ, దాని లైట్లు మొహాన పడ్డందుకు బాబాయికి ఒళ్లు మండింది. "లైట్లార్పుండ్రి! అరగంట సంది కండ్లు చీకటికి అలవాటు చేసుకుంటున్నం!" అని కేకేశాడు. ఆ మాటతో ఎస్సైకి అనుమానం పోయి, నమ్మకం కుదిరింది.

డిక్కీ వెతికారు. పిన్ని కట్టిచ్చిన నిమ్మకాయ పులిహోర దొరికింది. అమావాస్య రాత్రి పసుపన్నం! దాని పక్కన, సరిపోకపోతే పిండుకోమని ఆవిడే పెట్టిన రెండు నిమ్మకాయలు. నాకు కాళ్లు వణికాయి. మమ్మల్ని కాపాడింది ఒక కానిస్టేబుల్. గొట్టం చుట్టూ రెండుసార్లు తిరిగి, "సార్, మా బిడ్డది ఆరుద్ర నక్షత్రం. గది గిట్ల దీంట్ల కనవడ్తదా?" అని అడిగాడు.

బాబాయి కేసు సంగతే మరిచిపోయాడు. ఆరుద్ర నెత్తి మీదికి వస్తోంది. ఆయన కానిస్టేబుల్ని భుజం పట్టి వంచి, "గదిగో, ఎర్రగ. మన సూర్యుని లెక్కటియి కోట్లు పడ్తయి దాంట్ల" అని చూపించాడు. అతను మురిసిపోతూ చూస్తుంటే, అక్కడితో ఆపొచ్చు గదా. "అయితే కొన్ని నెలల సంది మసకబారుతున్నది. పేలినా పేలుతది" అన్నాడు.

కానిస్టేబుల్ మొహం చూడాలి. నేను బాబాయి కాలు గట్టిగా తొక్కాను. "ఇయ్యాలనో రేపో గాదు బిడ్డా, లక్షేండ్లు పట్టచ్చు" అని సర్దబోయాడు గానీ, తండ్రి మనసు ఊరుకుంటుందా? ఎస్సై కూడా ఓసారి వంగి చూసి, ఏమనుకున్నాడో, పులిహోర కొంచెం తిని, తెల్లారేలోపు వెళ్లిపొమ్మన్నాడు. ఆ చుక్క తను కక్కిన దుమ్ము తనకే అడ్డొచ్చి మసకబారిందని తరవాత శాస్త్రవేత్తలు తేల్చారు. ఏప్రిల్‌కల్లా మామూలుగా వెలిగింది. బాబాయి గుర్తుపెట్టుకుని కానిస్టేబుల్‌కి మెసేజి పెట్టాడు: "ఆరుద్ర కోలుకున్నది." వెంటనే జవాబొచ్చింది: "తెలుసు సార్. ఫిబ్రవరిల శాంతి జేపిచ్చిన."

2025 శని బాబాయికే శని పట్టిన ఏడాది. పదిహేనేళ్లకోసారి శని వలయాలు మనకి అంచు మాత్రమే చూపిస్తాయి. వాటి వెడల్పు ఈ చివర నుంచి ఆ చివరికి 2,80,000 కిలోమీటర్లు, మందం చూస్తే చాలాచోట్ల పదుల మీటర్లే. ఆ లెక్కన పేపరు దోసె దిబ్బరొట్టె కిందే జమ. అంచు మీంచి చూస్తే ఇంకేం కనబడుతుంది? మార్చిలో ఒకసారి మాయమయ్యాయి, నవంబరులో మళ్లీ మాయమయ్యేంత సన్నబడ్డాయి. ఏడేళ్లుగా బతిమాలితే రాని అసోసియేషన్ వాళ్లు, కార్తీకం వెళ్లగానే, ఆ శనివారమే, "పిల్లలకి శని వలయాలు చూపించండి సార్" అని మొత్తం అపార్ట్‌మెంటుని మేడ ఎక్కించారు.

మొదట చూసిన పిల్లవాడు "అంకుల్, ఉంగరం ఏది? రేగిపండుకి పుల్ల గుచ్చినట్టుంది" అన్నాడు.

"ఉన్నది బిడ్డా, పక్కకు తిరిగింది. గెలీలియో అంతటోడు 1612ల ఇట్లనే బిత్తరపోయిండు."

"మళ్లీ ఎప్పుడు తిరుగుతుంది?"

"రెండుమూడేండ్లల్ల మంచిగ కనవడ్తది."

"అయితే అప్పుడు పిలవండి" అని వాడు క్రికెట్‌కి వెళ్లిపోయాడు.

కార్యదర్శి గారు కన్ను పెట్టి, "గూగుల్‌లో ఇంతకంటే పెద్దది వస్తుంది కదా సార్" అన్నారు. బాబాయి ఓపిగ్గా, "అది ఫొటో సార్. ఇది గంటంబావు కింద శని కాడ బయల్దేరి, దారిల ఎక్కడా ఆగకుంట, సక్కగ మీ కంట్ల వడ్డ వెలుగు" అన్నాడు. కార్యదర్శి గారు ఆలోచించి, "అంటే గంటంబావు లేటు" అన్నారు.

మూడో అంతస్తు బామ్మగారు వచ్చారు, చేతిలో నువ్వుల నూనె సీసాతో. శనివారం, సాక్షాత్తూ శని, ఉత్త చేతుల్తో ఎలా వస్తారు? ఆవిడ లోపలికి చూసి, లెంపలేసుకుని, గొట్టం మూతి వైపు సీసా ఎత్తేసరికి బాబాయి పిల్లవాణ్ని లారీ కిందినుంచి లాగినట్టు గొట్టాన్ని లాక్కున్నాడు. లోపలున్నది ఎనిమిదంగుళాల అద్దం! "ఎక్కడ పొయ్యను నాయనా మరి?" అని ఆవిడ కదలరు. చివరికి కింద ప్లైవుడ్ పీట మీద నాలుగు చుక్కలు పోయడానికి రాజీ కుదిరింది. ఆ రోజు నుంచి పీట కిర్రుమనడం మానేసింది. ఆ విషయం బాబాయి క్లబ్బులో ఎవరికీ చెప్పలేదు.

భూమి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి శని నిమిషం నిలవదు, చూపులోంచి జారిపోతుంది. ఒక్కొక్కరు చూశాక బాబాయి వంగి, గొట్టం రవ్వంత తోసి, మళ్లీ మధ్యలో పెట్టి పక్కకి జరగాలి. అలా నలభై మంది చూశారు. ఆయన చూసింది మధ్యలో ఉందా లేదా అన్నంతే.

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది. అపార్ట్‌మెంటు, సందు, హైమాస్టు, అన్నీ ఒక్కసారే.

"వోయింది!" అని అరిచాడు బాబాయి, మనవాడు ఆఖరి బంతికి సిక్సరు కొట్టినట్టు. గొట్టం వదిలేసి తల పైకెత్తాడు. నేనూ ఎత్తాను. ట్యాంకు పైన కృత్తికలు, మా నాయనమ్మ పిల్లలకోడి అనే గుత్తి, ఏ పిల్లకి ఆ పిల్ల విడిగా కనబడుతున్నాయి. ఎవరిదో పసిపాప ఏడుపు కూడా ఆపింది.

కింద జనరేటరు గుర్రుమంది. దీపాలొచ్చాయి. జనం "హమ్మయ్య" అన్నారు.

"లెక్కవెట్టినవా?" అన్నాడు బాబాయి నా చెవిలో.

"ఏమిటి?"

"ఎన్ని సెకన్లు?"

"ఎనిమిదో తొమ్మిదో."

"పోయినసారి ఐదే. ఎలక్ట్రీషియన్‌ను వట్టుకొని ప్యానెల్ల టైమరు జరిపిచ్చిన" అని, కార్యదర్శి గారి వైపు ఓ చూపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవ్వరికీ జెప్పకు. సంక్రాంతికి పదిహేను జేపిస్త."