బంగారు గని షేరు కొనేవారికి కొన్ని తలకిందుల సలహాలు

బంగారం దొరికిందనే కంపెనీకన్నా, ఫలానా చోట దొరకలేదని చెప్పే కంపెనీని ముందు నమ్మండి. అన్వేషణలో కొన్ని బోర్లు వట్టిపోవడం మామూలే. వాటి లోతులూ ఫలితాలూ మంచివాటితో పాటు ఒకే పట్టికలో అచ్చేసిన వాళ్ల అంకెలే చదవండి. వేసిన ప్రతి బోరూ పండిందంటే అక్కడితో ఆగిపోండి.

ల్యాబు సర్టిఫికెట్ చూపించారా? దాన్ని ఆఖర్న చదవండి. ల్యాబు తనకు అందిన సంచిలో ఏముందో చెబుతుంది, కొండలో ఏముందో చెప్పదు. ఇండోనేషియాలో, బోర్నియో దీవిలోని బుసాంగ్‌లో ఈ తేడాయే వేలమందిని ముంచింది. అక్కడ 7 కోట్ల ఔన్సుల బంగారం ఉందని కెనడా కంపెనీ బ్రీ-ఎక్స్ ప్రకటించింది. దాని షేర్ల మొత్తం విలువ 600 కోట్ల కెనడా డాలర్లకు చేరింది. రాతిపొడిలో ఎవరో బయటి పుత్తడి రేణువులు కలిపారు, ల్యాబు వాటినే నిజాయితీగా కొలిచింది. 1997 మార్చిలో ఫ్రీపోర్ట్-మెక్‌మోరాన్ కంపెనీ పాత బోర్ల పక్కనే సొంతంగా తవ్వి చూస్తే చెప్పుకోదగ్గ బంగారం లేదు. మే నెలలో గనుల సలహా సంస్థ స్ట్రాత్‌కోనా నివేదిక మోసాన్ని ఖాయం చేసింది. ఒంటారియో టీచర్ల పింఛను నిధి కూడా నష్టపోయింది కాబట్టి, పెద్ద సంస్థలు కొన్నాయన్న మాటను సాక్ష్యంగా తీసుకోకండి. బ్రీ-ఎక్స్ ప్రధాన భూగర్భ శాస్త్రవేత్త ఫెల్డర్‌హాఫ్‌ను 2007లో కోర్టు నిర్దోషిగా వదిలేసింది. పోయిన డబ్బుకు మాత్రం జవాబు చెప్పినవాళ్లు లేరు.

అందుకే ఎంత దొరికిందని కాదు, ఏం మిగిల్చారని అడగండి. బోరులోంచి తీసిన రాతి కడ్డీని నిలువునా కోసి, సగం ల్యాబుకు పంపి, మిగతా సగం నంబరు వేసిన పెట్టెలో దాచడం ఈ వృత్తి పద్ధతి. బుసాంగ్‌లో దాదాపు కడ్డీ అంతా పిండి చేశారు. బంగారం ముతకగా ఉంది, పెద్ద నమూనా కావాలని కారణం చెప్పారు. జనం సరేనన్నారు. తర్వాత సరిచూద్దామంటే రాయే లేదు. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇదే. అడిగితే తెలిసే సంగతిని ఎవరూ గట్టిగా అడగలేదు.

ఒకే నమూనాకు రెండు పరీక్షల్లో రెండు అంకెలు వచ్చాయని కంగారు పడకండి. మూసలో సీసంతో కరిగించే పరీక్షకు మామూలుగా 30 లేదా 50 గ్రాముల పొడి తీసుకుంటారు. టన్నుకు 1 గ్రాము ఉన్న రాయిలో, 30 గ్రాముల పొడి వంతుకు వచ్చే బంగారం 0.03 మిల్లీగ్రాములు. మిల్లీమీటరులో ఏడో వంతు వెడల్పున్న రేణువు ఒక్కటి ఇటు పడకుండా అటు పడినా, ఫలితం టన్నుకు దాదాపు గ్రాము మారిపోతుంది. ముతక బంగారం ఉన్న రాతిలో జంట పరీక్షలు ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు కలిస్తేనే అనుమానించండి.

బంగారం లేదని తెలిసిన రాయికి కూడా డబ్బు పెట్టి పరీక్ష చేయించే కంపెనీని మెచ్చుకోండి. ఆ వట్టి రాయినీ, ముందే విలువ తేల్చిన ప్రామాణిక పొడినీ ల్యాబుకు చెప్పకుండా మామూలు నంబర్లతో పంపుతారు. వట్టి రాయిలో బంగారం కనబడితే ఎక్కడో అంటుకుందని అర్థం. బుసాంగ్ లాంటి మోసానికి ఇదొక్కటే చాలదు. సంచులు నింపే మనిషికి ఏది ఏదో తెలుసు. బోరు నుంచి ల్యాబు గుమ్మం దాకా ఆ సంచులు ఎవరి తాళం కింద ఉన్నాయో కూడా తెలుసుకోండి.

నివేదికలో గ్రాములకన్నా ముందు సంతకం చూడండి. బ్రీ-ఎక్స్ తర్వాత కెనడా 2001లో తెచ్చిన నిబంధన ప్రకారం అర్హతగల నిపుణుడు తన పేరుతో బాధ్యత తీసుకోవాలి.

కర్నూలు జిల్లా జొన్నగిరి బంగారు గని వార్తలు చదివి గని షేర్ల వైపు చూస్తున్న మనవాళ్లకూ ఇదే చెబుతాను. ఏ కంపెనీ అయినా సరే, కొనే ముందు ఒక ఉత్తరం రాయండి: మిగిల్చిన సగం కడ్డీలు ఎక్కడున్నాయి? బయటి నిపుణుడు వచ్చి తనకు నచ్చిన పెట్టె విప్పి, తానే కోయించి, వేరే ల్యాబుకు పంపుకోవచ్చా? వీటికి రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా రూపాయి తీయకండి.