పాయింట్లకు ఆఫర్ ఎప్పుడు?

హైదరాబాద్‌లో 2017 ఆగస్టు 1న బండి నడిపేవాళ్ల పాపాలకు పద్దు తెరిచారు. హెల్మెట్ లేకపోతే ఒక పాయింటు, సీటు బెల్టు పెట్టుకోకపోతే ఒకటి, రాంగ్ రూట్‌లో వస్తే రెండు. 24 నెలల్లో 12 నిండితే లైసెన్సు ఏడాదిపాటు సస్పెండ్, మళ్లీ నిండితే రెండేళ్లు. చిత్రగుప్తుడి కంటే సర్కారుదే మెత్తని మనసు. ఆయన పుస్తకంలో రెండేళ్లు దాటిన పాపాన్ని పక్కన పెట్టే రూలు లేదు.

ఈ పద్దులో నాకు నచ్చిన పేజీ మందుది. అదే సీసా, అదే మనిషి. తాగి బైకెక్కితే 3 పాయింట్లు, కారెక్కితే 4, జనాన్ని ఎక్కించుకున్న క్యాబో బస్సో అయితే 5. పొదుపు తెలిసినవాడు పెగ్గులు తగ్గించుకోడు, చక్రాలు తగ్గించుకుంటాడు. అయినా తప్పించుకోలేడు. బైకుకూ కారుకూ మన దగ్గర లైసెన్సు కార్డు ఒక్కటే కదా! బైకు మీద పోగేసినవీ, కారులో సంపాదించినవీ ఒకే ఖాతాలో పడతాయి. స్కూటీ చేసిన అప్పుకు కారు జామీను.

లెర్నర్ లైసెన్సు అయితే 5 పాయింట్లకే రద్దు. నేర్చుకునేవాడికి 5, నేర్చేసినవాడికి 12. అనుభవానికి ఆమాత్రం మర్యాద ఉండాలి మరి.

ఇంత పకడ్బందీ పద్దు ఉండగా, పాయింట్లు నిండి లైసెన్సు పోయినవాళ్లు మీ బంధువుల్లో ఎంతమంది? నాకైతే ఒక్కరూ తగల్లేదు. చలానా బండికి పడుతుంది, పాయింటు మనిషికి పడాలి. చిక్కంతా అక్కడే. కూడలిలో కెమెరా నంబరు ప్లేటు చూస్తుంది గానీ, హ్యాండిల్ పట్టుకున్నది నాన్నా, కొడుకా, బండి అడిగి తీసుకెళ్లిన బామ్మర్దా అని విచారించదు. ఆ నంబరైనా చిక్కకుండా వెనక కూర్చున్నావిడ చున్నీ పరుస్తుంది. ఇంటి గుట్టు కాపాడే పని ఎప్పుడూ ఆవిడదే!

పాయింటు పడాలంటే పోలీసు ఎదురుగా ఆపాలి, కార్డు చేతికి తీసుకోవాలి. మనం ఆగితే కదా! దూరంగా తనిఖీ కనబడగానే బండి తిప్పేసి, వచ్చిన దారినే ఎదురు వాహనాల్లోకి దూరిపోతాం. ఒక పాయింటు తప్పించుకోవడానికి రెండు పాయింట్ల నేరం. లెక్కల్లో మనవాళ్లు గట్టివాళ్లని ఊరికే అనరు.

చలానాల బెడద అంటారా, దానికి మా బావగారి దగ్గర మందుంది: "కట్టకురా, ఆఫరొస్తుంది." వచ్చింది కూడా. 2022 మార్చిలో పెండింగు చలానాల మీద టూవీలర్లకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గింపు. 2023 డిసెంబరులో ఇంకా పెంచి 80, 60 చేశారు. మెసేజ్ రాగానే పరుగెత్తి కట్టేసిన అమాయకుడు మాత్రం నిండు రేటే కట్టాడు. అతనికి వెనక్కి ఇస్తామని ఎవరూ అనలేదు.

పాపం, పాయింట్లకే ఏ సీజన్లోనూ ఆఫర్ లేదు. అందుకే వాటిని ఎవరూ పట్టించుకోవడం లేదు. సంక్రాంతికి "5 పాయింట్లకు 2 మాఫీ" అని ప్రకటించి చూడండి, జనం తమ ఖాతాలో ఎన్నున్నాయో ఆ రోజే చూసుకుంటారు. మా బావగారైతే ఇప్పటికే ఆరా తీస్తున్నారు, తన పాయింట్లు బామ్మర్ది పేరు మీదకు ట్రాన్స్‌ఫర్ చేయొచ్చా అని. ఆయనకున్న ఒక్కగానొక్క బామ్మర్దిని నేనే.