ఎలుకల భయం, ఇంటికి నిప్పు

అభిమానుల కంటిపాపను బేరానికి పెట్టొచ్చా? బోస్టన్ రెడ్ సాక్స్‌కు ఆ సందేహమే రాదు. బేస్‌బాల్ దిగ్గజం బేబ్ రూత్‌ను 1919 చివర్లో లక్ష డాలర్లకు ప్రత్యర్థి జట్టు యాంకీస్‌కు అమ్మేసి, మళ్లీ వరల్డ్ సిరీస్ గెలవడానికి 2004 దాకా ఆగింది. అంత ఓపికున్న జట్టు, 2018లో కప్పు తెచ్చిన మూకీ బెట్స్‌ను 2020లో డాడ్జర్స్‌కు సాగనంపితే వింతేముంది! సాకేంటంటే, జీతాల పద్దు హద్దు దాటితే పన్ను కట్టాలట. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ‘ఒప్పందం ముగిశాక ఊరికే పోయేవాడుగా’ అంటారు లెక్కల మాస్టార్లు. పోకుండా సంతకం పెట్టించుకోవచ్చుగా? డాడ్జర్స్ అదే ఏడాది జులైలో పన్నెండేళ్లకు 36.5 కోట్ల డాలర్లిచ్చి ఆ పనే చేసింది. కుర్రాళ్లతో జట్టు కట్టొచ్చన్న వాదన తప్పు కాదు గానీ, ఆ కుర్రాళ్లు నిలవాలి కదా! బెట్స్‌కు బదులుగా వచ్చిన ముగ్గురిలో ఇద్దరు 2023 ముగిసేలోపే బోస్టన్ వదిలారు. అందులో వెర్డుగో వెళ్లింది, మళ్లీ ఆ యాంకీస్‌కే.