కరెంటు పోతే అక్వేరియానికి దుప్పటి కప్పకండి

కరెంటు పోగానే చేపల తొట్టికి దుప్పటి చుట్టండి, మూత బిగించండి, లోపలి వెచ్చదనం పోనివ్వకండి అని ఒక సలహా తిరుగుతూ ఉంటుంది. మంచు కురిసే దేశాల్లో అది ప్రాణం నిలబెడుతుంది. ఎండ 42 డిగ్రీలు దాటే కర్నూలు, కడపల్లో అదే ప్రాణం తీస్తుంది.

25 డిగ్రీల దగ్గర లీటరు మంచినీళ్లలో సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 35 డిగ్రీలకు అది 7కు దిగుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకు మాత్రం ఆక్సిజన్ మరింత కావాలి. పంపు ఆగితే పైనీళ్ల కదలిక కూడా ఆగి, కొత్త గాలి కరగడం తగ్గిపోతుంది. ముందు అవస్థ పడేది గోల్డ్‌ఫిష్. ఫైటర్, గౌరామి మన కొరమీను లాగే పైకొచ్చి గాలి మింగగలవు కాబట్టి కొంత ఓర్చుకుంటాయి. అందుకే మూత తీసేయండి. పిల్లి భయముంటే వల పరవండి. ఇక చెంబుతో తొట్టిలోని నీళ్లే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోస్తూ ఉండండి.

‘సగం నీళ్లు మార్చెయ్, కొత్త నీళ్లలో గాలి ఉంటుంది’ అనేది నన్ను అన్నిటికన్నా బాధపెట్టే సలహా. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చేత్తో తాకి చూడండి, కాలుతుంటాయి. వాటిని నేరుగా చేపల మీద కుమ్మరిస్తారా? ఐసు గడ్డలు వేయడమూ అంతే, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. గడ్డకట్టించిన చిన్న నీళ్ల సీసా ఒకటి పైన తేలనిచ్చి, థర్మామీటరు చూస్తూ ఉండండి. గంటకు ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే చాలు, ఆపైన సీసా తీసేయండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఫ్యాన్ తిరుగుతుంటే దాని గాలి నీళ్ల మీదుగా పోనివ్వండి. సముద్రపు తేమ ఉండే విశాఖలో ఈ ఉపాయం అంతగా పారదు గానీ మన పొడిగాలికి నీళ్లు చప్పున ఆవిరై తొట్టి చల్లబడుతుంది. తగ్గిన నీళ్లకు బదులు బోరు నీళ్లు పోయకండి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి, వాటికి బోరు ఉప్పులు తోడవుతాయి. తగ్గినంత మేరకు ఆర్వో నీళ్లు పోస్తే సరిపోతుంది.

‘మొక్కలున్నాయిగా, ఆక్సిజన్ అవే ఇస్తాయి’ అనే ధీమా పగటికే. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టినప్పుడు ఇళ్లకు రాత్రిపూట కూడా కోతలు పడ్డాయి. చీకట్లో మొక్కలు చేపలతో పాటే ఆక్సిజన్ వాడుకుంటాయి.

చేపల కోసం పెద్ద ఇన్వర్టర్ కొనమనే వాళ్ల మాట వినకండి. తొట్టికి కావలసిన ఎయిర్ పంపు తినేది మూడు నుంచి ఐదు వాట్లే. సెల్‌ఫోన్ ఛార్జర్ మీద నడిచే చిన్న పంపుకైతే ఒకటి రెండు వాట్లు చాలు, 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో రాత్రంతా నడుస్తుంది. ఇన్వర్టర్ ముందే ఉంటే ఎయిర్ పంపు ఒక్కటీ దానికి కలపండి, లైటుతో పని లేదు. పంపు నీటిమట్టానికి కింద ఉంటే గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తప్పక వేయించండి. లేకపోతే గాలి ఆగగానే తొట్టి నీళ్లు గొట్టం వెంట పంపులోకి దిగుతాయి, తర్వాత కరెంటు వచ్చేది ఆ తడి పంపులోకే.

కోత ఉన్నంతసేపూ మేత వేయకండి. పాపం ఆకలేస్తుందేమో అని చాలామంది వేస్తారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప ఒకటి రెండు రోజులు తినకపోయినా ఏమీ కాదు, మిగిలిన మేత కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

కోత గంటల తరబడి సాగితే, కరెంటు రాగానే మూసి ఉండే ఫిల్టర్‌ను అలాగే ఆన్ చేయకండి. నీళ్లు కదలక లోపలి మేలు చేసే బ్యాక్టీరియా చచ్చి, కుళ్లు వాసన పడుతుంది. లోపలి నీళ్లు పారబోసి, స్పాంజిని తొట్టిలోంచి తీసిన బకెట్ నీళ్లలో పిండి, తర్వాతే స్విచ్ వేయండి. కుళాయి కింద మాత్రం కడగొద్దు, మిగిలిన బ్యాక్టీరియా కూడా క్లోరిన్‌కు పోతుంది.