లిమిటెడ్ ఎడిషన్ బాకా

పాట వినడానికి ఇదివరకు చెవులుంటే సరిపోయేది. ఇప్పుడు స్పీకరు వెనక ఒక లోహపు పలక ఉండాలి, పలక మీద నంబరు ఉండాలి, ఆ నంబరు వీలైనంత చిన్నదై ఉండాలి. అప్పుడే శాక్సోఫోన్ శాక్సోఫోన్‌లా పలుకుతుందని హైఫై రసికుల గట్టి నమ్మకం. పలక గోడవైపు తిరిగి ఉంటుంది కనక దాన్ని చూపించడానికి గృహస్థు టార్చిలైటు తెస్తాడు, చూడ్డానికి అతిథి మోకాళ్ల మీద వంగుతాడు. దర్శనానికి అది సరైన భంగిమే. హారతి ఒక్కటే తక్కువ.

ఈ భక్తికి కొత్తగా వెలిసిన క్షేత్రం హారన్ స్పీకరు, అంటే పాత గ్రామఫోన్ బాకాకు ముదిమనవడు. 2024లో అమెరికాలోని క్లిప్ష్ కంపెనీ, ‘ఓజాస్’ పేరుతో స్పీకర్లు తయారుచేసే డెవన్ టర్న్‌బుల్ అనే డిజైనరుతో కలిసి ఇలాంటిదొకటి పరిమిత సంఖ్యలో విడుదల చేసింది. టర్న్‌బుల్ అంతకుముందు ఒక బట్టల బ్రాండు పెట్టినవారిలో ఒకరు. సుప్రీమ్ బట్టల దుకాణాలకు స్పీకర్లు చేసిపెట్టారు. 2022లో న్యూయార్కులోని లిస్సన్ గ్యాలరీలో, బొమ్మలు వేలాడదీయాల్సిన చోట తన స్పీకర్లు నిలబెట్టి జనానికి రికార్డులు వినిపించారు. 2024లో శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియంలోనూ అలాంటి గది తెరిచారు. పదిమంది నోరు మూసుకుని కూర్చుని ఒక రికార్డు వినడం ఈ కాలంలో చిన్న విషయం కాదు, ఆ పుణ్యం ఆయనకు దక్కాల్సిందే. ఎవరికి వారు బిగించుకునే కిట్లు కూడా ఆయన అమ్ముతారు. కాబట్టి నా తగాదా ఆయనతో కాదు, ఆ స్పీకర్లతోనూ కాదు. పలకతో.

అసలు హారన్ ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ పలక ఎంత వింతగా కనపడుతుందో చూడండి. స్పీకరులో కదిలే పొర బరువు, ఎదురుగా ఉన్న గాలి తేలిక. ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఇళ్లలో ఉండే మామూలు డబ్బా స్పీకరుకు మనం పంపే కరెంటులో నూటికి ఒక వంతు కూడా శబ్దంగా మారదు. మిగతాదంతా తీగచుట్టను వేడిచేయడానికే సరి. పొర ముందు సన్నగా మొదలై క్రమంగా వెడల్పయ్యే బాకా బిగిస్తే కథ మారుతుంది. ఇరుకు గొంతులో ఒత్తిడిగా పుట్టిన అల నోటి దగ్గరకు వచ్చేసరికి పెద్ద మేర గాలిని కదిలిస్తుంది. క్లిప్ష్ వారి గది మూలలో పెట్టే పాత స్పీకరు క్లిప్ష్‌హార్న్‌కు ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 105 డెసిబెల్స్ దాకా మోగుతుందని కంపెనీ లెక్క. అంత మోత ఒక్క వాట్‌కు 87 డెసిబెల్స్ ఇచ్చే డబ్బా నుంచి రాబట్టాలంటే 60 వాట్లకు పైగా కావాలి.

వాట్లు దొరకని కాలానికి ఇదొక వరం. 1919లో శాండియాగోలో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ ఏభైవేల మందికి వినపడేలా మాట్లాడింది మాగ్నవాక్స్ బాకాల్లోంచే. 1926లో వైటాఫోన్ పద్ధతిలో సినిమాకు గొంతు వచ్చినప్పుడు వెస్ట్రన్ ఎలక్ట్రిక్ వారు తమ 555 డ్రైవరును, అంటే శబ్దం పుట్టించే పొర ఉన్న యంత్రాన్ని, మెలికలు తిరిగిన భారీ బాకాలకు బిగించి తెర దగ్గర పెట్టారు. హాలులో జనం వందలూ వేలూ, యాంప్లిఫయరులో ఉన్నవి మాత్రం కాసిని వాట్లు. ఆ కాసిని వాట్లనూ ఒక్క చుక్క ఒలికిపోకుండా చివరి వరసదాకా మోసినందుకే హారన్‌కు పేరు. పొదుపు కోసం పుట్టిన వస్తువు. దాని బుద్ధి అంతా అదే.

తరవాత ట్రాన్సిస్టర్లు వచ్చాయి, వాట్లు చవకైపోయాయి. ఇవాళ నాలుగైదు వేల రూపాయలకు అగ్గిపెట్టెలాంటి యాంప్లిఫయరు ఇంటి గోడలు అదరగొడుతుంది. అవసరం తీరిన బాకా ఇల్లు వదిలి మన గుడి మీదకీ, పెళ్లిపందిట్లోకీ, ఎన్నికల ఆటో మీదకీ చేరింది. మైకుసెట్టువాడు చెట్టుకొమ్మకు కట్టే ఆ అల్యూమినియం గొట్టం తక్కువదేమీ కాదు. లోపల మడతపెట్టిన హారనూ వెనకాల కంప్రెషన్ డ్రైవరూ ఉంటాయి. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 555తో వంశం ఒకటే, గోత్రం ఒకటే. ఆ మాటకొస్తే హారన్‌ను తెలుగువాళ్లంత విన్నవాళ్లు ప్రపంచంలో తక్కువ. ధనుర్మాసంలో తిరుప్పావై, టూరింగ్ టాకీసులో ఆట మొదలయ్యే ముందు ఘంటసాల ‘నమో వెంకటేశా’, మధ్యమధ్యలో తప్పిపోయిన పిల్లాడి చొక్కా రంగు, అన్నీ దాంట్లోంచే విన్నాం. మిడ్‌రేంజిలో పారదర్శకత గురించి అప్పుడెవరూ మాట్లాడలేదు. పిల్లాడు దొరికాడా లేదా అన్నదే ప్రశ్న. చివరికి 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆ నోరు మూయించాయి. సర్కారు నోరు మూయించిన జాతినే ఇప్పుడు లక్షలు పోసి హాల్లోకి పిలుచుకుంటున్నారు.

ఎలా పిలుచుకున్నారో అదీ చెప్పుకోదగ్గదే. అమెరికా సినిమాహాళ్లు పాత సామాను తీసి పారేస్తుంటే జపాను అభిమానులు ఏరుకుని ఓడల్లో తీసుకుపోయారు. అక్కడి జాజ్ కాఫీ హోటళ్లలో అప్పటికే ఆల్టెక్, జేబీఎల్ స్పీకర్ల ముందు మౌనంగా కూర్చుని వినే సంప్రదాయం ఉంది. అంతవరకూ రసికతే. ఆ వెనకే 1930ల నాటి 300బి వాల్వు తిరిగొచ్చింది. ఒంటి వాల్వుతో చేసిన యాంప్లిఫయరు ఎనిమిది వాట్లు ఇస్తుంది, ఎనిమిదే ఇస్తుంది కనక స్వచ్ఛమైనదన్నారు. ఎనిమిది వాట్లతో మామూలు స్పీకరు కదలనని మొరాయిస్తుంది కాబట్టి హారన్ కావాలన్నారు. హారన్ కొన్నాక, చూశారా ఎనిమిది వాట్లు చాలవూ అన్నారు. కుంటిగుర్రాన్ని కొని, దాన్ని మోయడానికి పల్లకీ చేయించి, గుర్రం ఎంత హాయిగా నడుస్తోందో అని మురిసినట్టుంది.

పాల్ క్లిప్ష్ బతికుంటే ఏమనేవాడో ఊహించక్కర్లేదు, ఆయన సామాను సాక్షి. ఆర్కాన్సాలో హోప్ అనే చిన్న ఊళ్లో 1946లో స్పీకర్ల కంపెనీ పెట్టిన ఈ ఇంజినీరు కోటు కాలరు వెనక పసుపుపచ్చ బిళ్ల ఒకటి తగిలించుకుని తిరిగేవాడు. దాని మీద పెద్దక్షరాలతో ‘బుల్‌షిట్’ అని ఉండేది. ఎవరైనా శబ్దం గురించి కోతలు కోస్తుంటే వాదించేవాడు కాదు, కాలరు తిప్పి బిళ్ల చూపించేవాడు. కొత్త పలకలూ ఆ కంపెనీ నుంచే వస్తున్నాయి, పాత బిళ్లా అక్కడిదే. రెంటినీ ఒకే స్పీకరుకు తగిలిస్తే నేనూ ఒక జత కొంటానేమో.

కోతలకు కరువు లేదు. హైఫై సమీక్ష ఒకటి చదవండి. స్వరాల చుట్టూ గాలి ఆడుతుందంటారు. నిశ్శబ్దం వెల్వెట్‌లా నల్లగా ఉందంటారు. గాయని గదిలోకి వచ్చి సోఫా పక్కన నిలబడిందంటారు. ఆవిడ ఎప్పుడో కాలంచేసింది పాపం. మన పత్రికల్లో కొత్త హీరోకు బాకా ఊదేవాళ్లు కూడా ఇంత దూరం పోరు, కనీసం హీరో బతికుండగా ఊదుతారు. హారన్‌కు నిజంగానే ఒక గుణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. డోలు మీద కర్ర పడ్డ క్షణం మామూలు డబ్బాలో మెత్తబడుతుంది, మంచి హారన్‌లో ఉలిక్కిపడేలా వినిపిస్తుంది. పొర కొంచెం కదిలితే చాలు కాబట్టి వక్రీకరణ తక్కువ. ఇంత చెబితే చాలు, అర్థమయ్యేది. కానీ ఇందులో నంబరు పలకకు చోటు లేదు. అందుకే వెల్వెట్ కావాల్సొచ్చింది.

చెవి మీద కన్ను ఎంత పెత్తనం చేస్తుందో కొలిచినవాళ్లున్నారు. జేబీఎల్‌కు యజమాని అయిన హార్మన్ సంస్థలో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగం అది. అవే స్పీకర్లను, అదే గదిలో, తెర వెనక పెట్టి ఒకసారీ తెర తీసి ఒకసారీ వినిపించి మార్కులు వేయమన్నారు. విన్నవాళ్లు సాక్షాత్తూ ఆ కంపెనీ ఉద్యోగులే. తెర తీయగానే మార్కులు మారాయి. భారీగా, ఖరీదుగా కనపడేవి పైకి పోయాయి, చిన్నదీ చవకదీ అయిన సెట్టు కిందకు జారింది. స్పీకరు అదే, పాట అదే, మారింది ఒక్క తెర. హైఫై రసికుడికి ఈ సంగతి చెప్పి చూడండి. తెర కట్టగానే తనకు ఒత్తిడి ఎక్కువై చెవి సరిగ్గా పనిచేయదంటాడు. ధర చూసినప్పుడు రాని ఒత్తిడి గుడ్డ చూస్తే వస్తుందట.

ఇంతకంటే ముచ్చటైనది 2022 నాటి మొబైల్ ఫిడెలిటీ వ్యవహారం. ఈ అమెరికన్ కంపెనీ పాత మాస్టరు టేపుల నుంచి తీసిన ఖరీదైన గ్రామఫోన్ రికార్డులు, వాటిలోనూ పరిమిత సంఖ్యలో, అమ్మేది. మొత్తం అనలాగే, మధ్యలో డిజిటల్ సోకలేదని జనం నమ్మారు. డిజిటల్ సోకితే క్షణంలో పసిగట్టేస్తామని చెప్పుకునే పాముచెవులవాళ్లు ఈ రికార్డులు విని కళ్లు మూసుకుని తలలూపారు. ఆ తరవాత మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను అదే పద్ధతిలో 40,000 ప్రతులు వేస్తామని కంపెనీ ప్రకటించింది. ఎవరికో లెక్క తట్టింది. ఆ పద్ధతిలో కొన్ని వందల ప్రతులకో, ఒక వెయ్యికో మళ్లీ మొదటినుంచి కోయాలి. అంటే పాత టేపును డజన్లసార్లు అరగదీయాలి, దాన్ని ఎవరు ఒప్పుకుంటారు? నిలదీస్తే మధ్యలో డిజిటల్ మెట్టు ఉన్నమాట నిజమేనని, అదీ చాలా ఏళ్లుగా ఉందని బయటపడింది. కోర్టుకెక్కారు, 25 మిలియన్ డాలర్ల రాజీ కుదిరింది. గుట్టు రట్టు చేసింది కూడికా తీసివేతా. చెవి ఆఖరిదాకా ఏ అనుమానమూ పడలేదు. నా దృష్టిలో ఆ రికార్డులు బాగా పలికినట్టే లెక్క, బాగా పలకడం నేరం కాదు. కానీ డబ్బు వెనక్కి అడిగినవాళ్లు తమ చెవుల మీద కూడా ఒక దావా వేసి ఉండాల్సింది.

భౌతికశాస్త్రం సంగతి కొంచెం చూద్దాం, అది లిమిటెడ్ ఎడిషన్‌లో రాదు కాబట్టి. 30 హెర్ట్జ్ మంద్రస్వరం అల పొడవు 11 మీటర్ల పైమాట. దాన్ని బాకాతో సక్రమంగా ఊదాలంటే నోటి చుట్టుకొలత దాదాపు అంత ఉండాలి. అంటే మూడున్నర మీటర్ల వెడల్పు నోరు. అందుకే క్లిప్ష్ తన బాకాను మడతపెట్టి గది మూలలో ఇరికించాడు, రెండు గోడలూ నేలా కలిసి బాకాలో మిగతా భాగమయ్యాయి. ఉన్న ఇంటినే వాడుకోవడం కన్నా చవకైన ఆలోచన హైఫై చరిత్రలో మరోటి లేదు. ఇప్పటి రంగురంగుల డిజైనరు హారన్లు చాలావాటిలో పైన ఫొటోలకు నిలబడే బాకాలు, మంద్రం పని మాత్రం కింద దాక్కున్న మామూలు డబ్బాది, దానికి సొంత యాంప్లిఫయరు. జర్మనీ అవాంట్‌గార్డ్ వారి డ్యుయో అలాంటిదే. పూర్తిగా బాకాలే కావాలంటే వారి ట్రయోకు మంద్రపు బాకాలు జోడించుకోవచ్చు, లెక్క లక్ష డాలర్లు దాటుతుంది, హాల్లో మనుషులకు చోటుండదు. ఇంత స్తోమత వచ్చేసరికి ఇంటాయనకు ఏభై దాటుతుంది. ఆ వయసుకు పై స్థాయి శబ్దాలు చెవికి అందడం మానేసి ఉంటాయి. 20 కిలోహెర్ట్జ్ దాకా వినగల చెవి ఇంట్లో ఒకరికుంది, పదో తరగతి చదివే అమ్మాయికి. ఆ పిల్ల రైల్వే ప్లాట్‌ఫారం మీద కొన్న ఇయర్‌ఫోనులో వింటోంది.

ఇక నంబరు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసే చిత్రాలకు నంబర్లు వేయడంలో న్యాయం ఉంది. ఒత్తేకొద్దీ గీతలు అరుగుతాయి, మొదటి ప్రతికీ చివరి ప్రతికీ తేడా కనపడుతుంది. స్పీకరులో అరిగేది ఏమిటి? కొలతలు అవే, డ్రైవర్లు అవే, ప్లైవుడ్ కోసేది కంప్యూటరు నడిపే రంపం. నూరో జత తరవాత ఆ రంపం అలసిపోయి మంచం పట్టదు. నూటొకటోది చేయకపోవడానికి కారణం శబ్దంలో లేదు, బజారులో ఉంది. కరవు వచ్చి రేషన్ పెట్టడం మనకు తెలుసు. రేషన్ పెట్టి కరవు పుట్టించడం ఫ్యాషన్ దుకాణాల విద్య, అది ఇప్పుడు బట్టల నుంచి బాకాలకు పాకింది. ఉన్న కొద్దిపాటి వాట్లను వేలమందికి పంచడానికి కనిపెట్టిన యంత్రాన్ని, వేలమందిలో ఏ కొద్దిమందికో తప్ప అందకుండా చూసుకోవడమే దీని వ్యాపారరహస్యం.

కొన్నవాళ్లు దీన్ని పెట్టుబడి అంటారు. రేపు ఎక్కువకే అమ్ముకోవచ్చంటారు, అమ్ముకుంటారు కూడా. సేకరణ వస్తువుల బజారులో పెట్టె విప్పనిదానికి విప్పినదానికంటే ధర ఎక్కువ పలుకుతుంది. ఆ ధర్మం స్పీకర్లకూ వర్తింపజేస్తే అన్నిటికంటే విలువైన హారన్ ఇంతవరకూ ఒక్క స్వరమూ పలకనిది అవుతుంది. అలాంటి జత ఒకటి అమ్మకానికి వచ్చిందనుకోండి. అది ఎలా పలుకుతుందని ఫోన్ చేసి అడిగితే అవతలి పెద్దమనిషి నొచ్చుకుంటాడు. నంబరు పన్నెండండీ, అంటాడు.